పగడాల ట్యాంకుకు పగటి వెలుగు

మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం హైదరాబాద్ శివారు అల్మాస్‌గూడలో ఏ డాబా మీద నిలబడ్డా మనిషి నీడ కాళ్ల కిందే ఉండిపోతుంది. ఆగస్టు 3 ప్రాంతంలోనూ అంతే. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పగడపు దిబ్బలు పెరిగే సముద్రాల మీద కాసేదీ ఇలాంటి ఎండే. ఇంట్లో పగడాల ట్యాంకు అంటే ఇప్పుడు నీలి ఎల్‌ఈడీలే గుర్తొస్తాయి గానీ, ఈ అభిరుచికి పునాది వేసింది ఎండే.

పగడం ఒంట్లో కంటికి కనిపించనంత సన్నని నాచు కణాలు కాపురముంటాయి. వెలుతురుతో అవి తయారుచేసే ఆహారంలో పెద్ద వాటా పగడానికే చేరుతుంది. 1928-29లో సి.ఎం. యంగ్ నాయకత్వంలో గ్రేట్ బారియర్ రీఫ్‌కు వెళ్లిన బ్రిటిష్ బృందం కొన్ని పగడాలను వెలుతురు చొరని పెట్టెల్లో ఉంచింది. అవి తమలోని నాచును బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోయాయి.

ఆ తర్వాత మలుపు తిప్పింది జకార్తాలో ఉండే లీ చిన్ ఎంగ్. సముద్రపు నీళ్లు, జీవులతో నిండిన దిబ్బ రాళ్లు, సన్నగా గాలిబుడగలు, పైనుంచి ఎండ... ఆయన ట్యాంకులో ఉన్నవి ఇవే. ఫిల్టరు ఊసే లేదు. అందులోనే పగడాలు బతికాయి. 1961లో ఒక అమెరికన్ పత్రికలో ఆయన ఈ పద్ధతిని వివరంగా రాశారు.

చలికాలంలో ఎండ పలచబడే ఐరోపా దేశాల్లో ఇది కుదరలేదు. అక్కడివాళ్లు మెటల్ హాలైడ్ దీపాలను ఆశ్రయించారు, లోకమంతా వారి బాటే పట్టింది. ఎండ ఉన్న చోట మాత్రం పాత పద్ధతి నిలిచింది. 1987లో ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో 25 లక్షల లీటర్ల పగడాల ట్యాంకును ఆరుబయటి ఎండ పడేలా కట్టారు.

అల్మాస్‌గూడలో వెలుతురుకు కొదవలేదు. చిక్కంతా వేడితోనే. వేసవి మధ్యాహ్నం డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు కుళాయిలో వేడివేడిగా దిగుతాయి. పగడాలకేమో 24-27 డిగ్రీలు క్షేమం. అలవాటైన వేసవి వేడికి ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిచినా పాలిపోతాయి. అందుకే ఇక్కడ ట్యాంకు డాబా మీద పనికిరాదు. తూర్పు కిటికీ పక్కన ఉదయపు ఎండ తగలనిచ్చి, మధ్యాహ్నం గ్రీన్ నెట్ కప్పి, నీటిని చిల్లర్‌తో చల్లబరచాలి.

ఇంకో హద్దు చట్టానిది. దిబ్బలు కట్టే గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. మన సముద్రాల నుంచి వాటిని తీసినా, అమ్మినా నేరమే. అదే ఎండలో సముద్రపు నాచును పెంచి, దాని మధ్య క్లౌన్ చేపలను సాకడానికి మాత్రం ఈ పగడాల నిషేధం అడ్డు రాదు.