వైద్యవిద్యార్థియు, గ్రంథాలయమును

అచ్చయినంత మాత్రమున ఒక మాట సత్యమగునా? ఈ ప్రశ్న అందరికిని అవసరమే. కాని వైద్యవిద్యార్థికి ఇది రోగి ప్రాణములతో ముడిపడినది.

పందొమ్మిదవ శతాబ్దమున వైద్యపత్రికలు విపరీతముగా పెరిగినవి. ఏ వ్యాసము ఎందున్నదో తెలియక వైద్యులు తికమకపడుచుండిరి. అప్పుడు వాషింగ్టనులో సైనిక వైద్యశాఖ గ్రంథాలయమును నడుపుచున్న జాన్ షా బిల్లింగ్స్, రాబర్ట్ ఫ్లెచర్ సహాయమున 1879లో ‘ఇండెక్స్ మెడికస్’ అను మాసపత్రికను వెలువరించెను. అందు కొత్త వైద్యవ్యాసముల పట్టిక విషయక్రమమున కూర్పబడెను. 1964 నాటికి ఈ పని కంప్యూటరుకు ఎక్కెను. 1997 నుండి ‘పబ్‌మెడ్’ ద్వారా ఎవరైనను ఉచితముగా వెదకుకొనవచ్చును.

అయితే వ్యాసము దొరకుట వేరు, అది నమ్మదగినదగుట వేరు. కెనడాలోని మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున డేవిడ్ సాకెట్ ఈ రెండవ విద్యకు పూనుకొనెను. ఆయనయు, సహచరులును 1981లో వైద్యపత్రికలను చదువు విధానమును గూర్చి వరుస వ్యాసములు ప్రకటించిరి. చికిత్సను గూర్చిన వ్యాసము చేతికి వచ్చినపుడు విద్యార్థి కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. రోగులను చీట్లు వేసినట్లు, పక్షపాతము లేక విభజించిరా? మొదట చేరిన వారందరును చివరి లెక్కలోనికి వచ్చిరా? రోగికి ముఖ్యమైన ఫలితములన్నియు చెప్పిరా?

ఈ చివరి ప్రశ్న ఎంత విలువైనదో త్వరలోనే తేటపడెను. గుండెపోటు నుండి కోలుకొన్న కొందరికి గుండె లయ తప్పుచుండును; అట్టివారిలో ఆకస్మిక మరణములు ఎక్కువ. కనుక లయను చక్కబరచినచో మరణములు తగ్గునని వైద్యులు తలచి, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులు వాడుచుండిరి. వాటిని పరీక్షింపదలచి కొందరు రోగులకు మందును, కొందరికి మందువలె కనిపించు ఉత్తబిళ్లను ఇచ్చిరి. 1991లో పూర్తి లెక్క వెలువడెను. మందు పుచ్చుకొన్న 755 మందిలో 63 మంది మరణింపగా, ఉత్తబిళ్ల పుచ్చుకొన్న 743 మందిలో 26 మందియే మరణించిరి. ఆ మందులు లయను చక్కబరచిన మాట నిజమే. కాని ప్రాణములు తీసినవి. లయను మాత్రమే కొలిచిన వ్యాసములు చదివిన వైద్యునకు ఈ సంగతి తెలియు వీలులేదు.

ఆ 1991లోనే మక్‌మాస్టర్‌కు చెందిన గోర్డన్ గయాట్ ఈ పద్ధతికి ‘సాక్ష్యాధార వైద్యము’ అని అర్థమిచ్చు పేరు పెట్టెను. నేడు అనేక వైద్యకళాశాలలలో గ్రంథాలయమున వెదకుట, వెదకి తెచ్చినదానిని తూచుట పాఠములైనవి. నాడి చూచుటవలెనే వ్యాసమును పరీక్షించుటయు వైద్యుడు అభ్యాసముచేతనే నేర్వవలసిన విద్య.