పొలం గట్టు మీద టార్చిలైటు



కొడవలి కొనేటప్పుడు పదును చూస్తాం. పార కొనేటప్పుడు ఇనుము మోగించి చూస్తాం. టార్చిలైటు కొనేటప్పుడు మాత్రం ‘ఎంత దూరం కొడుతుంది?’ అనే ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకొంటాం. కాలువ కింద సేద్యం చేసేవారికి టార్చి కూడా పనిముట్టే గదా! వంతు నీరు వచ్చిందంటే అర్ధరాత్రయినా గట్టు మీద నడవక తప్పదు. కాబట్టి ఆ పనిముట్టు ఎలా పుట్టిందో, ఎలా మారిందో తెలిసికొంటే, ఎలాంటిది కొనాలో మీకే బోధపడుతుంది.

బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బరాజు వచ్చింది. సీతానగరం దగ్గర బయలుదేరే పశ్చిమ కాలువల నీటికి పగలూ రాత్రీ తేడా లేదు. తూము ఎత్తినప్పుడు మడవ కట్టాలి, గండి పడితే పూడ్చాలి. ఆ పనికి మొదట కాగడాలు, తరువాత హరికేన్ లాంతర్లు తోడు వచ్చాయి. లాంతరు వెలుతురు నాలుగు బారలు దాటదు. అయినా దానిలో ఒక సుగుణం ఉండేది. మోకాలి ఎత్తున ఊగుతూ పాదం చుట్టూ వెలుగు పరిచేది. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వద్దాం.

1910 ప్రాంతంలో జర్మనీలో తయారైన పెట్రోమాక్స్ లైటు తరువాత మన పెళ్లి పందిళ్లకూ, కళ్లాలకూ చేరింది. దాని కింద నీళ్ల తొట్టి పెట్టి, వరి కాండం తొలిచే పురుగు రెక్కల పురుగులను పట్టవచ్చు. అయితే గాలికీ వానకూ దాన్ని పట్టుకొని గట్టు మీద నడవడం కష్టం.

ఇక టార్చి కథ. 1866లో ఫ్రాన్సు దేశీయుడు లెక్లాంషే ద్రవంతో పనిచేసే సెల్లు చేశాడు. 1880ల చివర జర్మనీవాడు గాస్నర్ దాన్ని ఒలకని పొడి సెల్లుగా మార్చాడు. ఆ సెల్లులను గొట్టంలో వరుసగా పేర్చి, కొసన బల్బు, దాని వెనుక ఇత్తడి అద్దం పెట్టిన నమూనాకు 1899 జనవరి 10న అమెరికాలో డేవిడ్ మిసెల్ పేటెంటు పొందాడు. అప్పటి సెల్లు బలహీనం, బల్బు తీగ బొగ్గుది. అందుచేత మిణుక్కున వెలిగించి ఆర్పవలసి వచ్చేది. ఇంగ్లీషులో దానికి ‘ఫ్లాష్ లైటు’ అనే పేరు అందుకే వచ్చింది. టంగ్‌స్టన్ తీగ వచ్చాకనే అది నిలకడగా వెలిగింది.

మన దేశంలో ఎవరెడీ కంపెనీ 1939లో కలకత్తాలో సెల్లుల ఫ్యాక్టరీ, 1958లో లక్నోలో టార్చిల ఫ్యాక్టరీ పెట్టింది. అలహాబాదు నుంచి జీప్ టార్చిలు వచ్చాయి. రెండు సెల్లుల టార్చి సామాన్యుడికి, ఐదు సెల్లులది మోతుబరికి అన్నట్లు ఉండేది. సెల్లు డీలా పడితే ఎండలో పెట్టి మరి కాసేపు వాడేవారు. టార్చికి పనికిరాని సెల్లు ట్రాన్సిస్టరు రేడియోలో ఇంకా కొన్నాళ్లు పాట పాడేది. వాడకుండా లోపల వదిలేస్తే మాత్రం సెల్లు జింకు డబ్బా తినుకుపోయి, రసం కారి టార్చి పాడయ్యేది. నేటికీ అలాంటి సెల్లులు వాడేవారు, టార్చి పక్కన పెట్టేటప్పుడు వాటిని తీసివేయాలి.

ఇప్పుడు దూరం సంగతి చూద్దాం. రెట్టింపు దూరంలో అదే వెలుగు పడాలంటే నాలుగు రెట్లు తీక్షణత కావాలి. మూడింతల దూరమైతే తొమ్మిది రెట్లు కావాలి. దీనికి దారులు రెండే. సెల్లులు పెంచడం ఒకటి, అప్పుడు బరువూ ఖర్చూ పెరుగుతాయి. రెండవది, వెడల్పయిన లోతు అద్దం పెట్టి వెలుగును సన్నని కర్రలాగా కూడగట్టడం. అప్పుడు అవతలి గట్టు చెట్టు కనిపిస్తుంది గాని మన కాలి ముందు చీకటి మిగులుతుంది. పైగా ఆ తీక్షణమైన మచ్చను చూచిన కన్ను చీకటికి మళ్లీ పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పట్టవచ్చు.

1993లో జపానులో షూజీ నకమూరా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని చేసి చూపాడు. దాని మీద పసుపు పూత పూసిన తెల్ల ఎల్‌ఈడీలు 1996 నుంచి బజారుకు వచ్చాయి. ఈ నీలి దీపానికి 2014లో అకసాకి, అమనో, నకమూరాలకు నోబెల్ బహుమతి లభించింది. పాత బల్బు ఇచ్చే వెలుగుకు పది రెట్లు ఇది అంతే కరెంటుతో ఇస్తుంది. 1991లో సోనీ కంపెనీ అమ్మకానికి తెచ్చిన లిథియం సెల్లు దీనికి తోడయింది. అరచేతిలో పట్టే టార్చి ఐదు సెల్లుల టార్చిని మించిపోయింది.

ఇందులోనూ జాగ్రత్తలున్నాయి. శక్తిగల ఎల్‌ఈడీ వెనుక భాగం బాగా వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి లోహపు ఒళ్లు మేలు. లిథియం సెల్లును మాత్రం పాత అలవాటు చొప్పున ఎండలో పెట్టకండి, మంట దగ్గర ఉంచకండి. ఉబ్బినదాన్ని వాడకండి, తగిన చార్జరుతోనే చార్జి చేయండి. పాత టార్చిలో కొత్త ఎల్‌ఈడీ బిగించి ముచ్చటపడే యువకులకూ నా సలహా ఇదే. వెలుగు పెంచే ముందు వేడి ఎటు పోతుందో, సెల్లుకు రక్షణ ఉన్నదో లేదో చూచుకోండి.

అసలు ప్రశ్నకు వద్దాం. రాత్రి పొలంలో మన శత్రువు అవతలి గట్టున లేదు, అడుగు ముందు ఉన్నది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏటా 58,000. ఈ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాదాపు సగం చావులు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే, అంటే మన నాట్ల రోజుల్లోనే! రక్తపింజరి ఎండుగడ్డి రంగులో కలిసిపోయి కదలకుండా పడుకొంటుంది.

కాబట్టి నడిచేటప్పుడు టార్చిని నడుము కింద పట్టుకోండి. వెలుగు పక్కవాటుగా పడితే పాముకూ, గుంటకూ పొడవైన నీడ వచ్చి తెలిసిపోతాయి. నుదుటి మీద లైటుకు ఆ నీడ కనబడదు. మంచులోనైతే దాని వెలుగు తిరిగి కంటిలోనే కొడుతుంది. కాని రెండు చేతులా పని ఉన్నప్పుడు నుదుటి లైటు మంచిది. మడవ కట్టేవారికి, మంగళగిరి చుట్టుపట్ల తెల్లవారుజామున మల్లెమొగ్గలు కోసేవారికి అది ఎంతో అనువు.

కొనేటప్పుడు నాలుగు సంగతులు చూడండి. వెలుగు వెడల్పుగా పరుచుకోవాలి. తగ్గించి వాడే మీట ఉండాలి, అప్పుడే రాత్రంతా నిలుస్తుంది. తడి చేతితో నొక్కినా మీట పనిచేయాలి, వాన నీరు లోపలికి దిగకూడదు. దూరం ఆ తరువాతి మాట. తోటకు కాపలా ఉండేవారికి దూరం కావాలి, నీరు పెట్టేవారికి కాదు.

విస్తరణ సిబ్బందికి ఒక మాట. ఈ సంగతి ఉపన్యాసంతో తెలిసేది కాదు. ఒక చీకటి రాత్రి గట్టు మీద ఒక తాడు ముక్క పడవేసి, సన్నని వెలుగు టార్చినీ, వెడల్పు వెలుగు టార్చినీ రైతుల చేతికిచ్చి వెదకమనండి. ఫలితం వారే చెబుతారు.

కాలికి చెప్పు, చేతిలో కర్ర మరువకండి. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం కోసం ఆగడం వద్దు. కరిచినచోటు కదలకుండా ఉంచి, నేరుగా విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకుపొండి.

తాతల లాంతరు మోకాలి ఎత్తున ఊగుతూ చేసిన మేలును నేటి టార్చితో కూడా పొందవచ్చు. చేయి కాస్త దించి పట్టుకొంటే చాలు.