సంబంధం అనే గడిలో ఏం రాయాలి?

బందర్లో ఓ ఆసుపత్రి. రాత్రి పదకొండు దాటింది. చాచాని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లారు. కౌంటర్లో ఉన్న కుర్రాడు నా ముందుకి ఓ కాగితం తోశాడు. రోగి పేరు రాశాను. ఊరు కృత్తివెన్ను అని రాశాను. ఆ తర్వాతి గడి: 'రోగికి మీకు సంబంధం'. 'కొడుకు' అని రాసి సంతకం పెట్టాను.

కుర్రాడు రెండు పేర్లూ మార్చి మార్చి చూశాడు. పైనేమో సముద్రం మీద వేటకెళ్లే వాళ్ల ఇంటి పేరు. కింద తురక పేరు. "సరిగ్గా చెప్పండి సార్, ఆయనకి మీరేమవుతారు?"

ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసి బతుకుతున్నవాణ్ణి. ఆ ప్రశ్నకి ఏ భాషలోనూ ఒక్క మాటలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. అందుకే ఈ వ్యాసం.

1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన దివిసీమని తుడిచిపెట్టింది. అధికారిక లెక్కల్లోనే వేల మంది పోయారు. ఆ లెక్కలో చాచా భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారు. పని వెతుక్కుంటూ కృత్తివెన్ను వచ్చి, మా అబ్బా కుట్టుమిషను పెట్టుకున్న అరుగు మీద పడుకున్నాడు. ఒక్క రాత్రికనుకున్నది నలభై ఏళ్లు దాటింది. అబ్బాకీ ఆయనకీ దాదాపు ఒకే వయసు. ఇద్దరూ బీడీ పంచుకున్నారు, అప్పు పంచుకున్నారు. తర్వాత మా పొయ్యి మీద అన్నం కూడా పంచుకున్నారు. నేను పుట్టేసరికే ఆయన ఇంట్లో మనిషి. నాకు నడకతో పాటు 'చాచా' అనే పిలుపూ వచ్చింది.

మూడో మనిషి టీచరమ్మ. పెళ్లి చేసుకోని క్రైస్తవ పంతులమ్మ. మా పెరటి గదిలోకి అద్దెకొచ్చింది. రెండేళ్లకి అమ్మీ అద్దె తీసుకోవడం మానేసింది. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆమే. ఆమెని నేను ఫుప్పూ అన్నాను. తెలుగులో అయితే మేనత్త. అబ్బాకి సొంత చెల్లెళ్లు ఇద్దరున్నా నాకు ఫుప్పూ అంటే ఆమే గుర్తొస్తుంది. ఊరు మా ఇంటికి పెట్టిన పేరు 'సాయిబు గారి సత్రం'. ఎగతాళికే పెట్టారు. అబ్బా మాత్రం ఆ పేరు విని నవ్వేవాడు.

1992 డిసెంబర్ 6 తర్వాత వారం రోజులు బళ్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మా ఊళ్లో ఏ గొడవా జరగలేదు. అయినా ఆ వారం చాచా లోపల పడుకోలేదు. గుమ్మానికి అడ్డంగా వల పరుచుకుని దాని మీద పడుకున్నాడు. ఎందుకని అడిగితే ఉక్కగా ఉందన్నాడు. అది డిసెంబర్.

మా బంధువులకి ఈ సంసారం నచ్చలేదు. పరాయి మగాణ్ణి, పెళ్లికాని ఆడమనిషిని ఇంట్లో పెట్టుకోవడం ఏ షరియత్‌లో ఉందని అడిగారు. అబ్బా పెద్దగా చదువుకోలేదు గానీ ఆయనకో చరిత్ర తెలుసు. ఎవరడిగినా అదే చెప్పేవాడు.

622లో మక్కా నుంచి ఇల్లూ వాకిలీ వదిలి మదీనా చేరినవాళ్లు ముహాజిర్లు. వాళ్లకి ఆశ్రయమిచ్చిన మదీనా వాసులు అన్సార్లు. ప్రవక్త వాళ్లని జతలు జతలుగా నిలబెట్టి అన్నదమ్ముల్ని చేశారు. దాని పేరు మువాఖాత్. పర్షియా నుంచి వచ్చిన సల్మాన్‌కి అబూ దర్దా అన్న అయ్యాడు. మదీనాకి చెందిన సాద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం తీసుకొమ్మని అబ్దుర్రహమాన్ బిన్ ఔఫ్‌తో అన్నాడు. అబ్దుర్రహమాన్ ఆయన్ని దీవించి, బజారు ఎటుందో చూపించమన్నాడు. మొదట్లో ఈ కలిపిన అన్నదమ్ములకి ఒకరి ఆస్తిలో ఒకరికి వారసత్వం కూడా ఉండేది. తర్వాత ఖురాన్ వారసత్వాన్ని రక్తసంబంధీకులకే ఇచ్చింది. కానీ స్నేహితులకి మేలు చేసే దారి మూయలేదు. ముస్లిం తన ఆస్తిలో మూడో వంతు దాకా వారసులు కానివాళ్లకి వసియత్ రాయొచ్చు.

ఇక్కడో అభ్యంతరం రావచ్చు. మువాఖాత్ ముస్లింల మధ్య జరిగింది కదా, మీ ఇంటికెలా వర్తిస్తుంది అని. నిజమే. అబ్బా దాన్ని ఫత్వాగా చెప్పలేదు, ధైర్యం కోసం చెప్పుకున్నాడు. బంధుత్వం కడుపులోంచి మాత్రమే రాదని, కష్టం వచ్చినప్పుడు మనుషులు దాన్ని కలుపుకుంటారని ఆయనకి అర్థమైంది అంతే.

పత్రికల్లో చేరాక ఇదే కృష్ణా జిల్లాలో, ఇదే పని దేవుడి ప్రసక్తి లేకుండా చేసిన మనుషుల గురించి తెలిసింది. ఓ ఉర్దూ పత్రిక గోరా మీద వ్యాసం రాయమంది. నాస్తికుడు అనడానికి ఉర్దూలో నాకు దొరికినవి 'ముల్హిద్', 'దహ్రియా'. రెండూ మా వాడుకలో తిట్లలాంటివే. తిట్టుతో పిలవాల్సిన మనిషి జీవితం చదువుతుంటే మా ఇల్లే కనిపించింది.

గోపరాజు రామచంద్రరావు 1902లో పుట్టారు. ఇంటి పేరునీ పేరునీ కలిపి గోరా అని రెండక్షరాలకి కుదించుకున్నారు. బ్రాహ్మణుడు, వృక్షశాస్త్రం చదువుకున్న లెక్చరర్. జంధ్యం వేసుకోనన్నందుకు కన్నతండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. కులం వెలేసింది. ఆయన భార్య సరస్వతికి పెళ్లినాటికి పదేళ్లు. ఆమె కూడా ఆయన వెంటే నడిచింది. గర్భవతి గ్రహణం చూడకూడదనే లోకంలో కడుపుతో ఉండి సూర్యగ్రహణం చూసిన మనిషి. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో గోరా ఉద్యోగం పోయింది. తర్వాత మా బందరు హిందూ కాలేజీకి వచ్చారు. ఆ దశాబ్దం ముగిసేసరికి ఆ ఉద్యోగమూ అదే కారణంతో పోయింది.

ఇంటి నుంచి, కులం నుంచి, కొలువు నుంచి వెలి పడ్డ మనిషికి మిగిలింది స్నేహితులే. ముదునూరులో అన్నే అంజయ్య లాంటి గాంధేయవాదులు పిలిచారు. 1940లో గోరా దంపతులు పిల్లలతో సహా ఆ పల్లెకి వెళ్లి నాస్తిక కేంద్రం పెట్టారు. పాకల్లో కాపురం. కులం అడగని సహపంక్తి భోజనాలు. ఎవరు కలిసొస్తే వాళ్లే కుటుంబం. 1942లో సరస్వతి చిన్నపిల్లాడు నియంతని వెంటబెట్టుకుని జైలుకెళ్లింది. 1947లో కేంద్రం విజయవాడ పటమటకి మారింది.

పిల్లలకి పెట్టిన పేర్లు చూడండి. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం. యుద్ధం వచ్చిన ఏడు పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానం నౌ. ఒక కూతురి పేరు మైత్రి. తాతల పేర్లు లేవు, దేవుళ్ల పేర్లు లేవు. మా ఇళ్లలో పిల్లాడి పేరు వినగానే మతం తెలుస్తుంది, చాలామంది ఇళ్లలో కులం తెలుస్తుంది. ఆ ఇంట్లో పేరు వింటే పుట్టిన కాలం తెలిసేది.

పెద్దమ్మాయి మనోరమకి అంటరాని కులంలో పుట్టిన అర్జునరావుతో పెళ్లి నిశ్చయించారు. గాంధీజీ సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానన్నారు. నాస్తికుల కోసం పెళ్లి ప్రమాణంలో దేవుడికి బదులు సత్యం అన్న మాట ఉంచడానికి కూడా ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. ఆ మార్చిలో సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్లి జరిగింది. 1960లో లవణం హేమలతని చేసుకున్నారు. ఆమె 'గబ్బిలం' రాసిన గుర్రం జాషువా కూతురు. ఊరి బయట ఉంచిన కులాలని వీళ్లు వియ్యంతో ఇంట్లోకి తెచ్చుకున్నారు.

ఇంతవరకూ నాకే పేచీ లేదు. నా పేచీ ఒక్క విందు దగ్గర.

1972 ఆగస్టు 15న గోరా విజయవాడలో ఒక స్నేహ విందు పెట్టారు. అందులో గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ ఉన్నాయి. హిందువు ఒకటి తినడు, ముస్లిం మరొకటి తినడు. ఇద్దరూ కలిసి రెండూ తింటే మతాల గోడ కూలుతుందని ఆయన నమ్మకం. నిరసనల మధ్యే ఆ విందు జరిగింది. ఆయన నిజాయితీని నేను శంకించను. చెప్పిందాన్ని ముందు తన ఇంట్లో చేసి చూపించిన మనిషి.

కానీ ఆ బల్ల ముందు కూర్చున్నవాళ్లు సమానులా? గొడ్డుమాంసం దళితుడికీ పేద సాయిబుకీ మతం కాదు, చౌకగా దొరికే కూర. దాన్ని ఒక్కరోజు తిన్న అగ్రకులస్తుడు సంస్కర్త అవుతాడు. రోజూ తినేవాడు ఎప్పటికీ అనుమానితుడే. 2015 సెప్టెంబర్‌లో దాద్రీలో మహమ్మద్ అఖ్లాక్‌ని ఇంట్లోంచి లాగి చంపింది కేవలం అనుమానం మీదే. అలాంటి దేశంలో 'నువ్వు పంది తిను, అప్పుడు మనం ఒకటి' అంటే ఆ మాట స్నేహంగా మొదలై పరీక్షగా మారుతుంది. మైనారిటీకి పరీక్షలు కొత్త కాదు. క్రికెట్ మ్యాచ్‌లో పరీక్ష, అద్దె ఇంటి దగ్గర పరీక్ష. బెజవాడలో నాకు ఇల్లు ఇవ్వనన్న పెద్దమనిషి కూడా మొదట అడిగింది 'మీరేం తింటారు' అనే.

మా ఇంట్లో ఆ ప్రశ్న లేదు. చాచా గొడ్డుమాంసం తినేవాడు కాదు. బక్రీద్ నాడు అమ్మీ ఆయన కోసం వేరే గిన్నెలో కోడికూర వండేది. చాచా వల్లో పండుగప్ప పడితే ముందు మా సహరీకి తెచ్చేవాడు. ఫుప్పూ శ్రమదినాల్లో మాంసం మానేస్తే ఆ నలభై రోజులూ అమ్మీ ఆమెకి పప్పు వేరుగా తీసేది. వేరే గిన్నె అంటే ఈ దేశంలో వెలి అని అర్థం. టీకొట్లో వేరే గ్లాసు పెట్టిన చరిత్ర మనది. కానీ తేడా గిన్నెలో లేదు, అది పెట్టే చేతిలో ఉంది. తాకితే మైలపడతామని పెట్టే గిన్నె వేరు. నువ్వు తినవని గుర్తుపెట్టుకుని పెట్టే గిన్నె వేరు. అందరం ఒకే కూర తిన్నందువల్ల మేము కుటుంబం కాలేదు. ఎవరేం తినరో అందరికీ తెలిసినందువల్ల అయ్యాం.

గోరా కుటుంబం గుర్తులన్నీ వదిలి ఒకటైంది. వదలడానికి ఆయనకి జంధ్యం ఉంది. దాన్ని వదలడం గొప్ప త్యాగమే, కాదనను. మాకున్నది పేరు, నమాజు, ఒక భాష. వాటిని ఇప్పటికే లాక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటితోనే మమ్మల్ని ఇంటి మనుషులుగా ఒప్పుకునే కుటుంబం మాకు కావాలి. అలాంటిది సాధ్యమేనని కృత్తివెన్నులో ఒక దర్జీ, ఒక వేటగాడు, ఒక పంతులమ్మ ఏ సిద్ధాంతం రాయకుండా చేసి చూపించారు.

అబ్బా పోయేముందు వసియత్ రాశాడు. ఇంట్లో మూడో వంతు చాచాకి, ఫుప్పూకి. షరియత్ ఒప్పుకున్నంత మేరా రాశాడు.

ఇక ఆ రాత్రి. కౌంటర్ కుర్రాడు నేను రాసిన 'కొడుకు'ని కొట్టేసి 'తెలిసినవారు' అని రాసుకున్నాడు. ఆపరేషన్ కాగితం మీద నా సంతకం చెల్లదన్నారు. చాచా అన్న కొడుకు దివిసీమ నుంచి వచ్చేసరికి తెల్లారింది. నలభై ఏళ్లలో ఆ అబ్బాయిని నేను మూడు సార్లు చూసి ఉంటాను. అతను సంతకం పెట్టాడు. మూడో రోజు చాచా పోయాడు. ఆ ఆలస్యం వల్లే పోయాడని నేననను, నేను డాక్టర్ని కాను. కానీ ఆ గంటలు బల్ల మీద కూర్చుని లెక్కపెట్టినవాణ్ణి. కొరివి ఆ అబ్బాయి పెట్టాడు. పాడె మోసినవాళ్లలో ఒకణ్ణి నేను. ఊళ్లో ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు సాయిబు గారి సత్రంలో ఇద్దరు ముసలివాళ్లు మిగిలారు, అమ్మీ, ఫుప్పూ. ఫుప్పూకి మోకాళ్లు పనిచేయడం లేదు. రేపో మాపో ఆమె పేరు మీదా అలాంటి కాగితమే నా ముందుకొస్తుంది. ఈసారి 'మేనల్లుడు' అని రాస్తాను. పేర్లు మార్చి మార్చి చూస్తే చూడనీ. కొట్టేస్తే మళ్లీ రాస్తాను.