గోదావరి సీమలో లేసు అల్లిక

యానాములో పుట్టి పెరిగిన మాకు బట్టల వర్తకపు కథ క్రొత్తది కాదు. 1723లో ఫ్రెంచివారు ఈ గౌతమీతీరమున కొట్టు పెట్టుటకు ఈ ప్రాంతపు నేతబట్టలు ఒక ముఖ్యకారణము. పొరుగున ఇంజరములో ఆంగ్లేయులును ఆ వర్తకమే చేసిరి. వశిష్ఠాతీరమున నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెము పేరు ‘మదపోలాము’ అను నూలుబట్టకు అబ్బి, ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువుల కెక్కినది. ఊరిపేరు నిలిచినది, నేసినవారి పేరు నిలువలేదు.

ఆ నరసాపురపు సీమలోనే 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. మొదట క్రైస్తవమతము పుచ్చుకొన్న పేద స్త్రీలు, పిమ్మట గడప దాటని వ్యవసాయ కుటుంబముల స్త్రీలు దానిని చేపట్టిరి. దీనికి మగ్గము అక్కరలేదు. కొక్కెము గల సూదియు, దారపు ఉండయు చాలును. వారల్లిన లేసు సముద్రములు దాటినది.

ఉద్యోగవిరమణానంతరము మేమును ఈ విద్య నేర్వబూనితిమి. గురువు మా అక్కయ్యగారు. “ముందు గొలుసు సరిగా రానీ తమ్ముడూ, పువ్వు సంగతి తరువాత” అనిరి. ఎడమచేతి చూపుడువ్రేలికి దారము చుట్టి, ఉచ్చులోనుండి ఉచ్చు లాగవలెను. మా ఉచ్చు ఒకటి బిగువు, ఒకటి వదులు. గుండ్రని అల్లికలో లెక్క తగ్గినచో అది దొన్నెవలె ముడుచుకొనును. హెచ్చినచో కుచ్చిళ్లవలె అలలు తీయును. ముప్పదియైదేండ్లు లెక్కలు వ్రాసిన మేము నాలుగు వరుసలలో మూడుమార్లు లెక్క తప్పితిమి! అక్కయ్యగారు మాటాడుచునే తప్పక అల్లిరి.

అంతవరకు దీనిని తీరికవేళల పని యనుకొంటిమి. ఆ తలంపే అన్యాయమునకు మూలమని మరియా మీస్ అను జర్మను విదుషి నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి 1982లో వెలువరించిన గ్రంథమున చూపిరి. గృహిణుల కాలక్షేపమని పేరిడుటచే గంటల తరబడి శ్రమకు కూలి స్వల్పమైనది. లాభము వర్తకులకు చేరినది.

2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. కాని మరల ఊరిపేరే నిలిచి, చేతులు మరుగున పడరాదు. దూరదేశములందు స్థిరపడిన మన కుటుంబముల పెట్టెలలో అమ్మమ్మలు అల్లిన లేసు ఉండవచ్చును. దానిని పిల్లలకు చూపుడు. అల్లినవారి పేరు చెప్పుడు. ఆడపిల్లలకే కాక మగపిల్లలకును ఒక గొలుసు అల్లుట నేర్పుడు. చేయి నొచ్చినగాని పనివెల తెలియదు.