కెమిస్ట్రీ డిగ్రీ: ఖర్చెంత, ఆమ్దానీ ఎంత?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల డిగ్రీ కాలేజీలు 2008లో ఏర్పడిన పాలమూరు యూనివర్సిటీ పరిధిలోవి. బీఎస్సీ 3 ఏళ్లు, సీటు ‘దోస్త్’ ద్వారా వస్తుంది. అర్హత ఉన్న మైనారిటీ కుటుంబాలు ఈ-పాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందుకే “ఫీజు లేదు కదా, చదివిద్దాం” అనుకుంటాం. కానీ అసలు ఖర్చు ఫీజు కాదు.

ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి.

బస్సు, పుస్తకాలు, రికార్డులకు నెలకు రూ.2,500 చొప్పున ఏడాదికి 10 నెలలు: 3 ఏళ్లకు రూ.75,000. అబ్బాయి ఆ 3 ఏళ్లు దుకాణంలో చేస్తే నెలకు రూ.10,000 వచ్చేదనుకుంటే, వదులుకున్నది రూ.3,60,000. మొత్తం రూ.4,35,000.

డిగ్రీ అయ్యాక జడ్చర్ల దగ్గర పోలేపల్లి మందుల కంపెనీల్లో రూ.16,000 జీతం దొరికిందనుకోండి. ఇంటి నుంచి కంపెనీ బస్సులో వెళ్లొస్తే నెలకు రూ.6,000 అదనం. పెట్టింది సుమారు 6 ఏళ్లకు తిరిగొస్తుంది. అక్కడే గది తీసుకుంటే, అద్దెకు, తిండికి అదనంగా రూ.4,000 పోతే మిగిలేది రూ.2,000. అప్పుడు 18 ఏళ్లు!

జీతం పెరిగితే గడువు తగ్గుతుంది. ల్యాబ్ పని చేతికొస్తేనే జీతం పెరుగుతుంది. కాబట్టి కాలేజీ ఎంచుకునే ముందు ప్రాక్టికల్స్ నిజంగా జరుగుతాయా అని సీనియర్లను అడగండి.

ఎమ్మెస్సీ అయినా, బీఎడ్ అయినా మరో 2 ఏళ్లు. అమ్మాయిని నైట్ షిఫ్టుకు పంపలేమనుకునే ఇంట్లో బీఎడ్ సంగతి మొదటి రోజే ఆమెతో కూర్చుని మాట్లాడాలి, డిగ్రీ అయిపోయాక కాదు.