మేడ్చల్ ట్యాంకులో ఈస్ట్, కంప్యూటర్‌లో సంతకం

నాగపూర్ హైవే మీద మేడ్చల్ దాటుతున్నా, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తున్నా, పొడవాటి ప్రహరీ గోడలు కనిపిస్తాయి. లోపల ఏం జరుగుతుందో బయటికి తెలీదు. ఇవాళ ఆ గోడల వెనక కథ చెప్పుకుందాం.

‘స్మార్ట్ మ్యాన్యుఫ్యాక్చరింగ్’ అనగానే వీడియోల్లో రోబోలు చూపిస్తారు. 2011లో జర్మనీలోని హానోవర్ ఫెయిర్‌లో ‘ఇండస్ట్రీ 4.0’ అన్న పేరు బయటికొచ్చింది, అక్కణ్ణుంచే అంతా మొదలైందంటారు. మన దగ్గర కథ అంతకంటే పాతది. రోబోతో కాదు, ఈస్ట్‌తో మొదలైంది.

1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. అప్పట్లో హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచే రావాలి. మామూలు కుటుంబం కొనలేని ధర. 1997 ఆగస్టులో శాంతా వాళ్ల శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. రీకాంబినెంట్ పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అది.

ఎలా చేస్తారంటే, పికియా అనే ఈస్ట్‌లో వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువు పెట్టి, స్టీలు ట్యాంకులో పెంచుతారు. దానికి మెథనాల్ అందిస్తారు. తక్కువైతే ప్రొటీన్ సరిగా రాదు, ఎక్కువైతే అదే విషమవుతుంది. వేడి, పీహెచ్, ఆక్సిజన్ క్షణక్షణం చూస్తుండాలి. సెన్సర్ చెప్తుంది, కంట్రోలర్ వాల్వు తిప్పుతుంది. రాత్రంతా ఒక మనిషి పక్కన నిలబడి చేత్తో తిప్పే పని కాదది. అంటే ఇక్కడ ఆటోమేషన్ ఫ్యాషన్ కాదు, అవసరం.

ఇంకో విచిత్రం చూడండి. సరిగ్గా అదే 1997 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ రూల్ ఒకటి అమల్లోకి వచ్చింది. పేరు 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11. షరతులు పాటిస్తే కంప్యూటర్ రికార్డు, కంప్యూటర్ సంతకం కాగితంతో సమానం. కానీ ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో మొత్తం జాడ ఉండాలి. దాన్నే ఆడిట్ ట్రయల్ అంటారు. అమెరికాకు మందులు పంపే మన కంపెనీలను రోబోల కంటే ఎక్కువగా మార్చింది ఈ బోరింగ్ రూలేనని నా అభిప్రాయం. 2004లో ఎఫ్‌డీఏ ఇంకో మాట చెప్పింది: క్వాలిటీని చివర్లో టెస్ట్ చేయడం కాదు, తయారీ నడుస్తుండగానే కొలవండి.

ఇది ఎంత ముఖ్యమో శాన్5 కథ చెప్తుంది. ఐదు జబ్బులకు ఒకే టీకా, శాంతా వాళ్లదే. 2008లో డబ్ల్యూహెచ్‌ఓ ఆమోదించింది. 2010లో కొన్ని సీసాలకు తెల్లటి అవక్షేపం అంటుకుంటోందని ఫిర్యాదులొచ్చాయి, జాబితాలోంచి తీసేశారు. మళ్లీ ఆమోదం వచ్చేసరికి 2014. నాలుగేళ్లు! ఇలాంటప్పుడు ఏ బ్యాచ్‌లో, ఏ స్టెప్‌లో తేడా వచ్చిందో వెతకాలంటే రికార్డే ఆధారం మరి.

ఇక ఇదే మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో బాచుపల్లి ఉంది. అక్కడి డాక్టర్ రెడ్డీస్ ప్లాంట్‌ను 2022లో వరల్డ్ ఎకనామిక్ ఫోరం ‘గ్లోబల్ లైట్‌హౌస్’ జాబితాలో చేర్చింది. ఐఓటీ, డేటా అనలిటిక్స్‌తో 40కి పైగా మార్పులు చేశారు. తయారీ ఖర్చు 43 శాతం మెరుగైందని, కరెంటు, ఇంధనం వాడకం 41 శాతం తగ్గిందని ఫోరం ప్రకటించింది. నాకు నచ్చిన విషయం, అదేం కొత్తగా కట్టిన ఫ్యాక్టరీ కాదు. పాతికేళ్ల నాటి ప్లాంటే.