మిద్దెమీది తీగ
గ్రామ రేడియోల ఏరియలు చరిత్ర

గ్రంథాలయముల రజతోత్సవ సంచికలలో స్థలదాతల పేరులుండును, బీరువాల నిచ్చినవారి పేరులుండును. రేడియో పెట్టె నిచ్చిన దాత పేరైతే గోడమీది చలువరాతిపైకూడ కానవచ్చును. ఆ పెట్టెకు మాట తెచ్చిన మిద్దెమీది తీగను గూర్చి గాని, ఏటేట నిచ్చెన వేసికొని దానిని సరిచేసినవారిని గూర్చి గాని వ్రాసినవారిని నేనెరుగను. పెట్టెకొనుట యొకనాటి పని; తీగను నిలుపుట యేండ్ల తరబడి పని. ఆ రెండవ పనియే యీ వ్యాసమునకు విషయము.

రేడియో చరిత్రయే తెగిన తీగలతో మొదలైనది. 1901లో మార్కొని యింగ్లండున పోల్ధూ అను చోట, రెండువందల అడుగుల స్తంభముల నిరువదింటిని వలయముగా నిలిపి గొప్ప ఏరియలును కట్టించెను. సెప్టెంబరు నెలలో వచ్చిన గాలివానకు అది కుప్పగా కూలెను. అమెరికా తీరమున కట్టించిన రెండవదియు ఆ నవంబరులోనే పడిపోయెను. తుదకు 1901 డిసెంబరు 12వ తేదీన న్యూఫౌండ్‌లాండులో అయిదువందల అడుగుల తీగను గాలిపటమునకు కట్టి ఎగురవేసి, సముద్రము దాటివచ్చిన సంకేతమును వింటినని యాతడు ప్రకటించెను. నిజముగా వినెనా యని నేటికిని సందేహించు శాస్త్రజ్ఞులు కలరు. గాలి యాతనికి చేసిన నష్టమును గూర్చి మాత్రము ఎవరికిని సందేహము లేదు.

మన ప్రాంతమునకు రేడియో మద్రాసునుండి వచ్చినది. అచట 1924లో ఒక రేడియో క్లబ్బు ప్రసారములు మొదలిడి, ధనములేక మూడేండ్లకు మానుకొనగా, 1930లో నగరపాలక సంస్థ ఆ పనిని చేపట్టెను. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము వెలసెను. తెలుగు ప్రసారములకు చాలకాలము అదియే దిక్కు. మద్రాసు పెదకాకానికి రెండువందల మైళ్ళకు పైబడిన దూరము. అంతదూరపు మాట పట్టవలెనన్న పెట్టె యెంత మంచిదైనను చాలదు; ఎత్తున సాగిన తీగ యుండవలెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైన పిమ్మట మన కష్టము చాలవరకు తీరినది. విజయవాడ మనకు ఇరువదియైదు కిలోమీటర్లకు లోపుననే యున్నది గదా! అయినను ఢిల్లీ తెలుగు వార్తలకును, లఘుతరంగములపై వచ్చు రేడియో సిలోనుకును మంచి తీగ కావలసియే యుండెను. సిలోనునుండి మీనాక్షీ పొన్నుదొరై గారు వినిపించిన తెలుగు పాటలకొరకే తీగను మరి రెండు మూరలు పైకి లేపించిన పెద్దమనుష్యులున్నారనిన వారి గౌరవమునకు లోపము రాదనుకొందును.

విద్యుత్తు రాని యూళ్ళలో రేడియోలు బ్యాటరీలతో నడచెడివి. పంచాయతీ కచేరీలోనో పఠనమందిరములోనో పెట్టె నుంచి, సాయంకాలము వెలుపలి కొమ్ముబూరకు కలుపగా, పొలమునుండి తిరిగివచ్చినవారు అరుగులమీద కూర్చుండి వినెడివారు. ఆ పెట్టెలకు తీగను కట్టు విధమిది. మిద్దె కీచివర నొక సరుగుడు బాదు, ఆచివర నొక వెదురు, లేదా దగ్గరనున్న వేపచెట్టు. వానినడుమ ఏడు పోగులు పేనిన రాగితీగ. రెండు కొసలను గ్రుడ్డు ఆకారపు పింగాణి బిళ్ళలు. ఈ బిళ్ళలో నొక నేర్పు కలదు: రెండు తీగలును దానిలో ఒకదానినొకటి చుట్టుకొని యుండును గావున, పింగాణి పగిలినను తీగ క్రిందపడదు. ఒక కొసనుండి దిగుతీగ గదిలోనికి, మరియొక తీగ భూమిలోనికి.

ఇట్లు కట్టిన తీగ యొకచోట రెండేండ్లకే పాడగును. మరియొకచోట పదేండ్లు నిలుచును. భేదము తీగలో లేదు, చూచువారిలో నున్నది. నా బాల్యమున నిచ్చెన పట్టుకొని నిలుచుట నా వంతు. పైకెక్కిన పెద్దాయన తీగ నడిభాగమును చూచెడివాడే కాడు. నేరుగా కొసల యొద్దకు పోయెడివాడు. తీగ నడుమ తెగదు, ముడియొద్ద తెగును. గాలికి ఊగినపుడెల్ల అచ్చోటనే వంగి వంగి, ఏడు పోగులలో ఒక్కొక్కటియే విరిగిపోవును. క్రిందినుండి చూచువానికి తీగ నిండుగనే కనబడును. ఒక యేడు మా వీథి రేడియో గాలివేసినపుడెల్ల గరగరలాడుచుండగా, పట్టణమునుండి వచ్చిన మరమ్మతుదారు ఒకరు లోపలి వాల్వును మార్చి రూకలు పుచ్చుకొనిపోయిరి. గరగర పోలేదు. పెద్దాయన పైకెక్కి ముడి విప్పి చూడగా ఆరు పోగులు తెగి, ఒక్కటి మిగిలియున్నది.

త్రాళ్ళ సంగతి మరియొకటి. కొబ్బరిత్రాడైనను జనుపత్రాడైనను తడిసినచో పొట్టియగును. వేసవిలో బిర్రుగా లాగి కట్టిన త్రాడు తొలకరిలో మరింత బిగిసి, తీగను త్రెంచును, లేదా వెదురును వంచును. అందువలన వానకారుకు ముందు మూరెడు వదలు చేయుట యాచారము. చెట్టునకు కట్టినచో త్రాటిని గిలకమీదుగా విడిచి, కొసన ఒక రాయి వ్రేలాడగట్టెడివారు. చెట్టూగినపుడు రాయి పైకిని క్రిందికిని ఆడును గాని తీగకు దెబ్బ తగులదు. దిగుతీగను గోడ రంధ్రములోనికి తిన్నగా పోనీయక, ముందుగా క్రిందికి జారవిడిచి మరల పైకి త్రిప్పవలెను. అప్పుడు వాననీరు ఆ వంపుకడనే కారిపోవును. ఆ వంపులేని ఇండ్లలో నీరు తీగవెంట నడచివచ్చి పెట్టెమీదనే బొట్లుబొట్లుగా పడెడిది.

భూమితీగ విషయమున మన రేగడి నేలకొక ప్రత్యేకత కలదు. వానలకు ఉబ్బును, ఎండలకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. పత్తికి మిరపకు మేలుచేయు ఈ గుణమున్న నేల గుంజలకు మంచిది కాదు, ఏటికొకమారు ఒరగించును. నెఱ్ఱె విచ్చిన వేసవిలో పాతిన కడ్డీకి మన్నంటుకొనదు. కాబట్టి గుంటలో బొగ్గును ఉప్పును వేసి, చైత్రమునుండి దినమున కొక కుండెడు నీరు పోసెడివారు. ఉప్పు ఎక్కువైనచో కడ్డీనే తినివేయును. ఈ సంగతి కొందరు కడ్డీ పైకి తీసి చూచినపుడు గాని తెలిసికొనలేదు. రాగితీగను ఇనుప మేకునకు చుట్టుటయు నట్టిదే: తేమ తగిలినంతనే ఆ జతలో ఇనుము త్వరగా తుప్పుపట్టును. ఉరుము వినబడగనే మీట త్రిప్పి తీగను భూమికి కలుపవలెనను నియమము పిల్లలకు సహితము తెలిసియుండెను.

ఇంత శ్రద్ధ పాటలకొరకే కాదు. సముద్రము మనకు దూరము కాదు; వాయుగుండపు హెచ్చరికలు రేడియోలోనే వచ్చెడివి. 1969 మే నెలలోని తుపాను గుంటూరు మండలమును, ఒంగోలు ప్రాంతమును ముంచివేసినది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలకొలది ప్రాణములను బలిగొన్నది. గాలి రేగిన తరువాత తీగ సరిచేయుట ఎవరి తరమును గాదు. ఆ రాత్రికి ముందు నెలలో చేసిన పనియే ఆ రాత్రి యక్కరకు వచ్చును.

ట్రాన్సిస్టరులు వచ్చి, లోపలనే ఫెరైటు కడ్డీ యుండుటచే, మిద్దెలమీది తీగలు దిగిపోయినవి. 1975 ఆగస్టునుండి ఒక యేడాది ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారము చేసినపుడు, మన రాష్ట్రపు పల్లెలలోకూడ మూడు మీటర్ల గొడుగులను కోళ్ళగూటి ఇనుపవలతో చేసి నిలిపిరి. పిమ్మట ఇంటింట అల్యూమినియము టీవీ ఏరియళ్ళు, వానిపై కాకులు, తరువాత కేబులు.

ఇప్పుడు మరల కొందరు యువకులు మిద్దెలెక్కుచున్నారు. హైదరాబాదున 1983లో స్థాపితమైన జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ వంటివాని ప్రోత్సాహముతో హ్యామ్ లైసెన్సు పొంది ఏరియళ్ళు కట్టువారున్నారు. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారి బృందము 2004 డిసెంబరులో అండమానులో ప్రసారముకొరకు ఏరియలు నిలిపియుండగానే 26వ తేదీన సునామి వచ్చెను; తక్కిన వార్తామార్గములు తెగినపుడు ఆ తీగ ద్వారానే సమాచారము వెలికి వచ్చినది.

ఈ యువకుల సాధనములు క్రొత్తవి, శత్రువులు పాతవే. రాగిపోగుల స్థానమున నల్లని కోయాక్సియల్ కేబులు వచ్చినది. నీరు దాని పైకొసన అతుకువద్ద దూరి, లోపలి వలపోగుల వెంట క్రిందివరకు దిగును. పైకి మచ్చయైనను కనబడదు. అతుకుపై తనంతట తానంటుకొను రబ్బరు టేపును క్రిందినుండి పైకి, పెంకులు నేసినట్లు ఒకదానిమీద నొకటి పడునట్లు చుట్టి, గోడకడ పాతకాలపు వంపునే విడువవలెను. అల్యూమినియము కడ్డీలకు మామూలు ఇనుప మరలు బిగింపరాదు. ఆశ్వయుజము ప్రవేశింపకమునుపే నిచ్చెన వేసి, ముందుగా కొసలను చూడవలెను.